ప్రార్థన మధ్యలో ఆమేన్

మొన్న ఫిలింనగర్ మలుపులో ట్రాఫిక్ ఆగిపోయింది. ఏమిటా అని ఆటోలోంచి తొంగి చూస్తే, ఏదో సెట్టు కోసం చేసిన ప్లైవుడ్ పడవ ఒకటి లారీ మీద పోతూ కరెంటు తీగల కింద ఇరుక్కుంది. జనం నవ్వుకుంటూ ఫోన్లలో తీసుకుంటున్నారు. నేను మాత్రం ఆటో కమ్మీని గట్టిగా పట్టుకున్నాను.

ఐదేళ్ళ క్రితం మా మరిది ఒక సినిమాకి ప్రొడక్షన్ మేనేజరుగా గోదావరి మీద పనిచేశాడు. షూటింగ్ ముగిసినా అద్దె లాంచీ ఇంకొక్కరోజు వాళ్ళ చేతిలోనే ఉంది. "వదినా, నాన్నగారిని తీసుకొచ్చేయండి, లంకలన్నీ తిప్పుతాను" అని ఫోన్ చేశాడు. నేనూ మావయ్యగారూ జూబ్లీహిల్స్ నుంచి వెళ్ళాం. ఏడో నెలతో ఆ గోదావరి ఒడ్డునే పుట్టింట్లో ఉన్న అతని భార్య, మా తోడికోడలు కూడా లాంచీ ఎక్కింది. మావయ్యగారు మా చర్చి సంఘంలో పెద్ద. ఆయన ప్రార్థన సృష్టి మొదటి రోజున మొదలై, బోరబండలో జ్వరపడ్డవాళ్ళనీ మధురానగర్‌లో ఉద్యోగం లేనివాళ్ళనీ పేరుపేరునా పలకరించి గానీ ముగియదు. మధ్యలో కళ్ళు తెరవడం మా ఇంట్లో ఎరగం. ఓసారి కుక్కర్ మాడి ఇల్లంతా పొగ కమ్మినా అత్తయ్యగారు మోకాళ్ళ మీదనుంచి లేవలేదు.

వరద తగ్గుతున్న రోజులు. నీళ్ళింకా ఎర్రగానే ఉన్నాయి. లంకల అంచుల్లో రెల్లు తెల్లగా పూసింది, గాలికి అరటితోటల పచ్చివాసన. లైఫ్ జాకెట్లు వేసుకుంటే ఫోటోల్లో బస్తాల్లా ఉన్నామని మరిది విప్పించేశాడు. లాంచీ నడిపే సరంగు ఈమధ్యే బాప్తిస్మం తీసుకున్నాడని తెలిసి మావయ్యగారి ముఖం వెలిగిపోయింది. "అయితే తమ్ముడూ, ముందు దేవుడికి కృతజ్ఞత చెల్లిద్దాం. అందరూ తలలు వంచండి" అంటూ లేచి, మావైపు తిరిగి నిలబడ్డారు.

ప్రార్థన ఎర్ర సముద్రం దాటుతుండగా లాంచీ ఊపు మారినట్టనిపించి కళ్ళు తెరిచాను. సరంగు స్టీరింగు వదిలేసి, చేతులు జోడించి, కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నాడు. ఇంజను ఆడుతూనే ఉంది. ఎదురుగా పాత వంతెన రాతిస్తంభం. దాని మొదట్లో నీళ్ళు సుడి తిరుగుతున్నాయి. మావయ్యగారి వీపు అటువైపే ఉంది. తోడికోడలు పొట్ట మీద చేతులు పెట్టుకుని తలవంచుకుంది. నేను మావయ్యగారి మూసిన కళ్ళవైపు చూశాను. తుఫానులో ప్రభువును నిద్రలేపినందుకు శిష్యులు మందలింపు తిన్నారని ఆదివారం బడిలో పిల్లలకు చెప్పేదాన్ని నేనే. స్తంభం మీది నాచు కూడా కనబడుతోంది. తోడికోడల్ని దగ్గరికి లాక్కుని, ఉన్న బలమంతా కూడదీసుకుని అరిచాను.

"ఆమేన్!"

"ఆమేన్" అన్నారందరూ అలవాటుగా, కళ్ళు తెరుస్తూ. సరంగు ఒక్క కేక పెట్టి స్టీరింగు మీద పడ్డాడు. లాంచీ ఒరిగి, పక్క రేకు రాతిని గీరుకుంటూ పోయింది.

"నేనింకా ముగించలేదమ్మా!" అని కోపంగా నావైపు చూసిన మావయ్యగారి చెవి పక్కనుంచే స్తంభం వెళ్ళింది. ఆయన కూలబడ్డారు.

"తలలు వంచమన్నారు కదండీ అయ్యగారూ, వంచేశానండీ" అన్నాడు సరంగు స్టీరింగు వదలకుండా.

"నీ భక్తి బంగారం గానూ! మమ్మల్ని ఏకంగా పరలోకానికే తీసుకుపోయేవాడివి" అన్నాడు మరిది. అంటూనే భార్య దగ్గర చతికిలబడి ఏడ్చేశాడు. "ఏమీ కాలేదండీ. అక్కా, చెయ్యి వదులు, నొప్పి" అంది తోడికోడలు.

ఆ ఆదివారం మావయ్యగారు సంఘంలో నిలబడి సాక్ష్యం చెప్పారు. నా కోడలి నోట ఆ మాట పెట్టినవాడు దేవుడే అన్నారు. అందరూ స్తోత్రం అన్నారు. నేనూ నమ్ముతాను. కాని ఆ మాట నోటికి వచ్చాక కూడా నేను కాసేపు మింగి ఉంచుకున్నానని ఆయనకు తెలియదు. దేవుడికి భయపడి ఊరుకోలేదు, మావయ్యగారికి భయపడి ఊరుకున్నాను. ఆనాడు కడుపులో ఉన్న పిల్ల ఇప్పుడు బడికి వెళుతోంది. దాన్ని చూసినప్పుడల్లా లెక్క వేసుకుంటాను: మూడు క్షణాలా, నాలుగా? ఏళ్ళు గడిచేకొద్దీ ఆ కాస్త ఆలస్యమే పొడుగవుతోంది.