దింపుడు కళ్లంలో పలికిన అవ్వ

ఆత్మకూరు బస్టాండు దగ్గర నిచ్చెనలు కట్టేవాడు పచ్చివెదురు చీలుస్తుంటే లేచే వాసన నాకు పడదు. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని రోడ్డు దాటేస్తాను. ఇంట్లో ఏ శుభకార్యం జరిగినా మా అన్న చుట్టాలను చుట్టూ కూర్చోబెట్టుకుని, ఆ కాలంలో ముసలివాళ్లను నెత్తిన పెట్టుకునేవాళ్లమని, మా అవ్వయితే చివర్లో విరక్తి పుట్టి తనంతట తానే ఊరి బయట పాకలో ఉండిపోయిందని, అయినా ఆమెకు ఒక్కపూట కూడా అన్నం తప్పలేదని చెబుతాడు. అన్నం సంగతి నిజమే, మోసుకుపోయింది నేనే. మిగతాది అబద్ధమని చెప్పాల్సిందీ నేనే.

మా ఊరు ఉదయగిరి కొండకు తూర్పున. వరికుంటపాడు వైపు చేలల్లో ఇంకా ఎండ కాస్తుండగానే కొండ నీడ గొర్రెల దొడ్ల మీదుగా పాకివచ్చి మా ఇళ్లలో దీపాలు పెట్టించేది. ఆ వేళకు మా నాయన తల్లి రవణమ్మవ్వ బుగ్గన పొగాకు కాడ నొక్కుకుని వాకిట్లో నిలబడి, తొక్కుడుబిళ్ల ఆడే మమ్మల్నీ, వెనకబడ్డ గొర్రెపిల్లలనూ, పక్కింటి పిల్లలనూ పేరుపేరునా పిలిచేది. సజ్జరొట్టె కాలే వాసన, గొర్రెల మెడగంటలు, ఆమె గొంతు కలిస్తేనే మాకు పొద్దు గూకినట్టు.

నా తొమ్మిదో ఏట అవ్వకు జ్వరం తగిలింది. అయిదోనాడు ఊపిరి ఆగిపోయిందన్నారు. కొండ నీడ పడకముందే ఎత్తాలని తొందరపడి, మధ్యాహ్నానికల్లా పచ్చివెదురు పాడె కట్టేశారు. శ్మశానానికి సగం దారిలో పాడె దింపి, కొడుకు చెవి దగ్గర వంగి మూడుసార్లు పిలవడం ఆచారం. ప్రాణం ఏ మూలనైనా ఉంటే పలుకుతుందని ఆశ. ఆ చోటే దింపుడు కళ్లం. ఆడపిల్లలు రాకూడదన్నా పరికికంపల చాటున నక్కుతూ వెళ్లాను. నాయన వంగి రెండుసార్లు ‘అమ్మా’ అన్నాడు. మూడోసారికి అవ్వ నోట్లో పెట్టిన తులసాకు ఊసింది.

“ఏందిరా, చెవిలో అట్టా అరస్తా ఉండావు?”

పలకల మోత ఆగిపోయింది. మోసినవాళ్లు చెప్పులు వదిలేసి పరుగెత్తారు. నాకు మాత్రం నవ్వొచ్చింది. కంపల చాటు నుంచి గట్టిగా నవ్వాను కూడా.

పాడె దిగిన మనిషి గడప తొక్కితే ఇల్లు మిగలదని పెద్దలు తేల్చారు. అక్కడే, ఆ దారి పక్కనే, తాటాకు పాక వేశారు. పదకొండోరోజు కర్మ కూడా ఆపలేదు. నాయన గుండు గీయించుకున్నాడు. అవ్వ మంచం ఎవరికో ఇచ్చేశారు. పిండాన్ని కాకి ముట్టడం లేదని మా అత్త కుళ్లికుళ్లి ఏడ్చింది. ఎట్లా ముడుతుంది? తన కర్మకు వండిన వడలు అవ్వే తిన్నది, నేను తీసుకుపోతే. “ఉప్పు తక్కువైందిమే” అన్నది.

అమ్మ నాకు రోజూ చెప్పి పంపేది. అన్నం రాతి మీద పెట్టు, కాళ్ల వైపు చూడొద్దు, పేరు పెట్టి పిలిస్తే పలకొద్దు, తిరిగి చూడకుండా వచ్చేయ్. ఎందుకని అడిగితే గొంతు తగ్గించింది.

“అది మీ అవ్వ గాదుమే. అవ్వ ఒంట్లో ఇంకేందో దూరి ఉండాది.”

పాక లోపలి నుంచి ఆ గొంతు వచ్చేది. “పెంచలా, మీ నాయనను ఒకతూరి రమ్మనుమే. పిలిచినోడు వాడే గదా. పలికితే తప్పయిందా?”

బడిలో నోరు మూయనని దెబ్బలు తిన్న పిల్లను, అవ్వకు ఒక్కమాట బదులివ్వలేదు. ఉగాదికి ఓళిగలు పెట్టి వచ్చిననాడు కూడా ఇవ్వలేదు.

కొండ నీడ దిగే వేళకు అవ్వ ఊరి పొలిమేర రాయి దాకా వచ్చి నిలబడేది. కుక్కలు మొరిగేవి కావు, తోకలూపుతూ ఎదురు పోయేవి. మునుపటిలాగే ఒక్కో ఇంటివాళ్లను పేరు పెట్టి పిలిచేది. ఏ పేరు వినబడితే ఆ ఇంట్లో దీపం ఆరేది. మా ఇంటి వంతు వచ్చేసరికి ఊరంతా చీకటి. నాయన లేచి గడియ మీద చెయ్యి వేసేవాడు. అమ్మ మా ముగ్గురినీ పొట్టకు అదుముకుని ఆయన వంక చూసేది. గడియ మీద చెయ్యి అట్లాగే ఉండేది, బయట పిలుపు ఆగేదాకా.

కార్తీకం ముసురులో పిలుపు వినబడటం మానేసింది. ముందునాడు పెట్టిన అన్నం రాతి మీద నాని అట్లాగే ఉంటే వచ్చి చెప్పాను. నాయనా, మరో ముగ్గురూ వెళ్లి చాప చుట్టి ఎత్తారు. ఒకసారి దించిందే చాలన్నారు. దించకుండా, పిలవకుండా తీసుకుపోయి పూడ్చి వచ్చారు. వాళ్లు అటు పోగానే నేను మొదటిసారి పాకలోకి వెళ్లి, పొయ్యిలో చెయ్యి పెట్టాను. బూడిద వెచ్చగా ఉంది. అమ్మకు చెబితే నా చెయ్యి కడిగింది.

తిండి పెట్టలేదా అంటాడు అన్న. పెట్టాం. దొడ్డిలో గొర్రెకూ పెట్టాం, అది అరిస్తే తిరిగి చూసేవాళ్లం కూడా.

ఇప్పుడు ఆ దారి తారురోడ్డయింది. పీనుగలు ఐసుపెట్టెలో నుంచి వ్యానులోకి, వ్యానులో నేరుగా గొయ్యి దగ్గరికి. దించేవాళ్లూ లేరు, చెవిలో పిలిచేవాళ్లూ లేరు. సాయంత్రం పిల్లలను కూడా ఎవరూ కేకేసి పిలవడం లేదు.

ఎనభై దాటిన నాయన ఆత్మకూరులో నా దగ్గరే ఉన్నాడు. మొన్న నా చెయ్యి పట్టుకుని, “నన్ను మాత్రం దారిలో దించి పిలిపించుమే. ఊరికే తీసకపోనియ్యొద్దు” అన్నాడు. పిలిపిస్తాను, పలికితే ఈ మంచం మీదికే తెచ్చుకుంటానన్నాను. ముందు నాకొకటి చెప్పమన్నాను. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. ముసలాయనను గుచ్చిగుచ్చి అడగడం పాపమంటాడు మా అన్న. కావచ్చు. మంచం పక్కన కుర్చీ వేసుకుని నేను అడుగుతూనే ఉన్నాను: నాయనా, రెండోసారి ఎత్తుకుపోయిననాడు అవ్వను ఎందుకు పిలవలేదు? పలుకుతుందనేనా?