నీలం మేస్త్రి చుక్కలు

మా తమ్ముణ్ని అద్దకం మిల్లులో అందరూ నీలం మేస్త్రి అంటారు. నలభై ఏళ్లుగా నూలుకు రంగులద్దుతున్నాడు. ఎరుపూ ఆకుపచ్చా ఎవరైనా కలుపుతారు గాని, నీలం మాత్రం వాడి చేతిలోనో, వాడు నేర్పిన శిష్యుడి చేతిలోనో పడవలసిందే. వేడినీళ్ల తొట్టి మీదకు వంగి, ఆవిరి మొహానికి కొడుతున్నా కదలకుండా, పొడి కొంచెం కొంచెంగా రాలుస్తాడు. అది నీళ్లలోకి మొదట పొగలా దిగుతుంది, ఆ తరువాత మబ్బులా విచ్చుకుంటుంది. చివరికి తొట్టికి అడుగే లేదేమో అనిపిస్తుంది. నేను అన్నం క్యారియరు ఇవ్వడానికి వెళ్లి, ఇల్లు మరిచిపోయి అక్కడే నిలబడ్డ రోజులున్నాయి.

కొనేవాళ్లు పంపిన నమూనా ముక్కను పక్కన పెట్టుకుని కలపమని యజమాని ఎన్నిసార్లు చెప్పినా వాడు వినలేదు.

"చూసి రాసేవాడు పరీక్ష పాసవుతాడేమో గాని పంతులు కాలేడు," అనేవాడు. రంగు వాడి బుర్రలో ఉందట. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

మరదలు పోయాక వాడి ఇల్లు నేనే నడుపుతున్నాను. వాడి కొడుకు పొద్దున పోతే చీకటి పడ్డాకే వస్తాడు కాబట్టి ఈ కథలో వాడికి పని లేదు. కోడలికి ఉంది. ఆ పిల్ల అదే మిల్లు ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చుంటుంది. ఆరిన నూలు మీద చేతిలో పట్టేంత మిషను ఒకటి పెడితే, రంగు ఎంత ముదురో అంకె చెబుతుంది. ఏ తొట్టి, ఏ రోజు, ఎవరు కలిపారు అని రాసి, పక్కన ఆ అంకె వేస్తారు. ఆరేళ్ల అంకెలు పోగుపడ్డాయి గాని వాటి మొహం చూసినవాళ్లు లేరు.

ఈ ఏడు నీలం నూలు రెండుసార్లు వెనక్కి వచ్చింది. యజమాని కోడల్ని పిలిచి, ఆ అంకెలన్నీ చుక్కల బొమ్మగా వేసి తొట్ల దగ్గర పెద్ద తెర మీద పెట్టమన్నాడు. ఎవరి చెయ్యి దారి తప్పుతోందో సోమవారానికల్లా అందరికీ కనబడాలన్నాడు.

ఆ సాయంత్రం కోడలు చెప్పులు విప్పకుండానే వంటింట్లోకి వచ్చింది.

"పెద్దమ్మా, ఆ చెయ్యి మామయ్యదే. ఏటేటా నీలం ముదురుతోంది. బొమ్మ వేసి చూశాను. సోమవారం అది తెర మీద పడితే ఆయన మళ్లీ తొట్టి దగ్గరకు పోరు."

"అయితే ముందే చెప్పెయ్యి."

"మీరు చెప్తారా?"

నా నోటికి జడిసి పాలవాడు కూడా వీధి చివరే గంట ఆపేస్తాడు. అలాంటిదాన్ని పొయ్యి మీది గిన్నె దించే పని పెట్టుకున్నాను. నాకు అనుమానం ఎప్పటినుంచో ఉంది. హాలుకు వెల్ల వేసినవాణ్ని, పసుపు కలిపావేంట్రా అని మా తమ్ముడు తిట్టినప్పుడే పుట్టింది. వాడికి కళ్లు పోతున్నాయంటే చేతులు పోతున్నాయన్నట్టే. తొట్టి లేకపోతే వాడు ఏమవుతాడో నేను ఊహించలేను.

కోడలు మంచినీళ్లు తాగి గ్లాసు బోర్లించింది.

"బొమ్మ వేసి పెడితే వేలెత్తి చూపినట్టే పెద్దమ్మా. బొమ్మ వెయ్యను. తెర మీద మీటలు పెడతాను. ఏ రంగు, ఏ రోజు నుంచి ఏ రోజు దాకా, ఎవరి చెయ్యి. చూసేవాళ్లు ఎంచుకునేదాకా తెర ఖాళీగా ఉంటుంది."

"ఖాళీ తెర చూసి మీ యజమాని మురిసిపోతాడా?"

"అడిగినదానికల్లా జవాబు చెబుతుంది కదా. మురుస్తాడు."

ఆదివారం మధ్యాహ్నం కంప్యూటరు తెచ్చి మామగారి ఒళ్లో పెట్టింది. "మామయ్యా, రేపు మిల్లులో పెట్టేది ఇదే. తిప్పి చూసి, మేస్త్రులకు సులువుగా ఉందో లేదో చెప్పండి."

"నాకెందుకమ్మా ఇవన్నీ. నాకు తొట్టి చాలు."

"వాడికి భయమేస్తోంది, తీసెయ్యి," అన్నాను. అంతే, కంప్యూటరు దగ్గరకు లాక్కున్నాడు.

ముందు ఎరుపు ఎంచుకున్నాడు. తెర మధ్యలో అడ్డంగా ఒక గీత, ఉండవలసిన రంగు అదట; పైకి పోతే ముదురు, కిందకు దిగితే లేత. దాని వెంబడి చుక్కలు తీగ మీద పిట్టల్లా వాలాయి. కింద ఉన్న మీటను పక్కకు జరిపితే ఒక ఏడు ఎగిరిపోయి ఇంకో ఏడు వచ్చి వాలుతోంది. చుక్క మీద వేలు పెడితే తారీఖు చెబుతోంది.

"ఇది పెద్ద వాన పడ్డ రోజక్కా. ఆవిరి పైకి పోలేదు. ఒకరి మొహం ఒకరికి కనబడలేదు," అన్నాడు. ఇంకో చుక్క నొక్కాడు. "ఈ రోజు మావాడి పెళ్లి. తొట్టిలో నూలు ముంచి పందిట్లోకి వచ్చాను." కిటికీ తెర గాలికి ఊగుతోంది, వాడి మొహం మీద వెలుగు వచ్చిపోతోంది. వాడు మీట జరుపుతూ, ఆరేళ్లలో ముందుకూ వెనక్కూ నిద్రలో నడిచినట్టు నడిచాడు. మమ్మల్ని మరిచిపోయాడు.

అప్పుడు నీలం ఎంచుకున్నాడు. చుక్కలు చెల్లాచెదరుగా పడ్డాయి.

"ఎవడమ్మా ఈ పని చేసింది? పొట్టోడే అయి ఉంటాడు," అని తన శిష్యుడు పొట్టి మేస్త్రి పేరు నొక్కాడు. చుక్కలన్నీ గీత మీద బుద్ధిగా కూర్చున్నాయి.

"వీడికి నీలం నేర్పిందెవరు?" అన్నాడు గర్వంగా.

"నువ్వే," అన్నాను.

తన పేరు నొక్కాడు. మొదటి రెండేళ్లు గీత మీదే ఉన్నాయి. మీట జరిపాడు. చుక్కలు గీత విడిచి లేచాయి. ఇంకా జరిపాడు. మెట్లెక్కినట్టు పైపైకి పోయాయి. మిషను మీద కోపం వచ్చి పొట్టి మేస్త్రి దగ్గరకు వెళ్లాడు. అదే మిషను, అదే వారం, గీత మీదే. మళ్లీ తన దగ్గరకు వచ్చాడు. అలా మూడుసార్లు తిరిగాడు.

"అక్కా, ఆ గోడ ఏం రంగు?"

"తెలుపు."

"ఎప్పట్నుంచి?"

"వెల్ల వేసినప్పట్నుంచి."

కంప్యూటరు మూత మూయలేదు. చుక్కల వంకే చూస్తున్నాడు. "నాకు సరిపోయిందనిపించేదాకా వేశాను. ఈ కళ్లకు అది సరిపోయేదే కాదు," అన్నాడు.

కోడలు కంప్యూటరు వైపు చెయ్యి చాపింది. "మీ పేరు తీసెయ్యమంటారా మామయ్యా? ఒక్క నిమిషం పని."

"తీసేస్తే, రేపు పొట్టోడి కన్ను మసకబారినప్పుడు వాడెలా తెలుసుకుంటాడు? ఉంచు. ఎవడి పేరు వాడే నొక్కి చూసుకుంటాడు."

సోమవారం యజమాని దగ్గరకు వాడే వెళ్లి చెప్పాడు. నీలం పొట్టి మేస్త్రికి అప్పగించాడు. కన్ను బాగైతే రమ్మన్నాడట యజమాని. ఆ 'అయితే' మా ఇంట్లో రెండు నెలలు కాపురం చేసింది.

కంటి డాక్టరు పొర అన్నాడు, పాత తేనె రంగు పొర; నీలాన్ని అదే మింగేస్తోందట. ముందు కుడి కంటికి తీశాడు. కట్టు విప్పిన రోజు మా తమ్ముడు ఇంటి మెట్ల మీద కూర్చుని కుడి కన్ను మూశాడు, తెరిచాడు, ఎడమ కన్ను మూశాడు. ఒకదాంట్లో సాయంత్రం, ఒకదాంట్లో పొద్దున అన్నాడు. స్టీలు గ్లాసులో నీలం ఉందట, పొగలో ఉందట, ఉతికిన దుప్పటి మడతల్లో ఉందట.

"నీ జుట్టు తెలుపు కాదక్కా, నీలం."

"కన్ను సరే, బుర్ర కూడా చూపించాల్సింది," అన్నాను. నవ్వాడు. నేను లోపలికి పోయి కళ్లు తుడుచుకున్నాను.

రెండో కన్నూ అయ్యాక మొన్న మిల్లుకు వెళ్లాడు. నేనూ వెళ్లాను, ఎవరాపుతారు నన్ను. నీలం కలిపాడు. నూలు ఆరింది, అంకె వేశారు. తెర దగ్గర తన పేరు వాడే నొక్కి, మీటను చివరికంటా జరిపాడు. చుక్క గీతకు కింద పడింది. పాలిపోయిన నీలం. పొట్టి మేస్త్రి తల దించుకున్నాడు.

"జడిశాను రా," అన్నాడు మా తమ్ముడు. "చిటికెడు వేస్తే ఆకాశమంతా మీద పడుతున్నట్టుంది. చెయ్యి వెనక్కి పోయింది. ఇంకో తొట్టి కాగనీ."

రెండో నూలు ఆరేలోపల నేను వచ్చేశాను. చీకటిపడే వేళకు వాడు ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటుంటే, చుక్క ఎక్కడ పడిందని నేను అడగలేదు.

"చెయ్యి కుదరడానికి నాలుగు రోజులు పడుతుందక్కా," అన్నాడు తనే.

పట్టనీ. వాడి గోళ్ల నిండా నీలం ఉంది.