అందరూ ఒప్పుకుంటేనే

పేజీలక్కకి కావలసింది ఒక్క బల్ల. నాలుగు కాళ్ళూ సమంగా ఆని, పక్కకి జరిపేవాళ్ళు లేని బల్ల.

పంతొమ్మిదేళ్ళు ఒక దినపత్రికలో పేజీలు పెట్టింది. వార్త ఎక్కడ ఆగాలో, ఫొటో ఎంత కోస్తే మనిషి తల మిగులుతుందో చూసే పని. పేరు అందుకే వచ్చింది. పత్రిక మూతపడ్డాక పుస్తకాలకి పేజీలు పెట్టే పని ఇంటికి తెచ్చుకుంది. ఇంట్లో ఉన్నది భోజనాల బల్ల ఒకటే. దాని మీద కంప్యూటర్ పెడితే అత్తగారు కాస్త జరిపేది, ఆడపడుచు పిల్లలు ఇంకాస్త జరిపేవారు. రెండువందల పేజీల వ్యాకరణ పుస్తకం ప్రూఫుల మీద టీ ఒలికిన రోజు సాయంత్రం ఆమె చెప్పులేసుకుని వీధి చివర కుట్టుమిషన్లు బాగుచేసే ఆయన దగ్గరికి వెళ్ళింది. వరసేమీ లేకపోయినా ఆయన్ని అన్నయ్యా అంటుంది.

"అన్నయ్యా, మీ షాపు పైన గది ఖాళీయేనా?"

"పాత మిషన్లు పెట్టుకుందామనుకున్నా చెల్లెమ్మా. నువ్వు పట్టే చోటైతే తీసుకో."

ఒక్కతికి అంత గది ఎందుకనిపించింది. తనలాగే ఇంట్లో చోటు లేనివాళ్ళు ఎంతమంది లేరు! ఆ ఆలోచన రాకపోయి ఉంటే ఆమె ఈపాటికి నలభై పుస్తకాలు చేసి ఉండేది. దుకాణాలకి గుర్తులు గీసే బొమ్మల తమ్ముడు వచ్చాడు. అనువాదాలు చేసే వదిన వచ్చింది. భూమి కొలతల శాఖలో రిటైరై, పాత సరిహద్దు రాళ్ళ మీద పుస్తకం రాస్తున్న పెద్దాయన తన కుర్చీని తనే నెత్తిన పెట్టుకుని మెట్లెక్కి వచ్చాడు. ఆయన ఆ రోజు నుంచి కుర్చీ బాబాయి. తలా ఇంత చందా వేసుకున్నారు, గదికి 'మనందరి గది' అని పేరు పెట్టుకున్నారు. తాళంచెవి మాత్రం ఒక్కటే, అది పేజీలక్క సంచిలో.

మొదటి నెలలోనే ఫ్యాను గొడవ వచ్చింది. కిటికీ పక్క ఫ్యాను తిరగాలని ఆరుగురు, వద్దని ఇద్దరు. చేతులెత్తించి లెక్కపెడితే ఆరుగురు గెలిచారు, ఇద్దరు మళ్ళీ రాలేదు. పేజీలక్కకి రెండు రోజులు అన్నం సహించలేదు. మూడోరోజు కంప్యూటర్ ముందు కూర్చుని పెద్ద అక్షరాల్లో ఒక కాగితం చేసింది. 'ఈ గదికి సంబంధించిన ఏ నిర్ణయమైనా సభ్యులందరూ ఒప్పుకుంటేనే. ఒక్కరు కాదన్నా ఆగుతుంది.' అక్షరాల మధ్య ఎడం, చుట్టూ అంచు అన్నీ చూసుకుని, ప్లాస్టిక్ తొడుగు వేయించి గోడకి బిగించింది. ఆమె జీవితంలో పెట్టిన పేజీలన్నిటిలో అందంగా కుదిరింది అదే. పనికిమాలినదీ అదే.

ఆ తర్వాత ఐదేళ్ళు గడిచాయి.

నెట్ పెట్టె ఆగిపోతే 'అక్కా'. ప్రింటర్‌లో కాగితం ఇరుక్కుంటే 'అక్కా'. కిటికీ తీస్తే ఒకరికి చలి, మూస్తే ఇంకొకరికి ఊపిరాడదు, ఇద్దరికీ అక్కే. కప్పులు ఎవరివి వాళ్ళే కడగాలని తొట్టి పైన రాసి పెట్టింది. ఆ రాసింది బాగుందని బొమ్మల తమ్ముడు పక్కన చిన్న కప్పు బొమ్మ గీశాడు, తన కప్పు తొట్టిలో పెట్టి వెళ్ళిపోయాడు. ఎనిమిదింటికి తలుపు తీయాలి, చీకటి పడ్డాక వెయ్యాలి. మధ్యలో ఆమె కంప్యూటర్ తెరిచినప్పుడల్లా ఎవరో ఒకరు వచ్చి బల్ల అంచు మీద చెయ్యి ఆనించి "ఒక్క నిమిషం అక్కా" అనేవారు. ఒక్కో పేజీకి పద్నాలుగు నిమిషాలు పట్టే పనికి రోజంతా పట్టేది. చివరికి తన పుస్తకాల పని తెల్లవారుజామున ఐదింటికి లేచి ఇంట్లోనే చేసుకునేది. ఆ భోజనాల బల్ల మీదే.

ఆమె భర్త కళ్ళద్దాల షాపులో అద్దాలు అరగదీస్తాడు. మనిషి మెత్తన, మాట పదును.

"పని చేసుకోవడానికి గది తీసుకున్నావు," అన్నాడొకసారి దుప్పట్లోంచి తల బయటపెట్టి. "ఇప్పుడు గది పని కోసం నీ పనిని ఇంటికి తెచ్చుకుంటున్నావు. తాను దూర సందు లేదు, మెడకో డోలా?"

"పడుకోండి."

"లైటు తీస్తే పడుకుంటా."

రాను రాను గది పలచబడింది. కొందరిని ఆఫీసులు వెనక్కి పిలిచాయి, కొందరు పెద్ద ఇళ్ళలోకి మారారు. పుస్తకంలో ఇరవై రెండు పేర్లున్నా రోజూ వచ్చేది నలుగురు. తమాషా ఏమిటంటే, రానివాళ్ళే చందా ఠంచనుగా పంపేవారు. వచ్చే నలుగురికీ అడిగితే గానీ గుర్తొచ్చేది కాదు.

అప్పుడే పాఠ్యపుస్తకాలు అచ్చువేసే ప్రెస్సు నుంచి కబురొచ్చింది. పేజీల విభాగం చూసుకోవాలి. తలుపున్న గది, అందులో ఆమెకంటూ ఒక బల్ల. ఆమె వెళ్ళి చూసింది కూడా. బల్ల మీద అరచెయ్యి పెట్టి నొక్కింది. కదల్లేదు.

రెండుసార్లు 'వచ్చే నెల' అని వాయిదా వేసింది. మూడోసారి ప్రెస్సు మేనేజరు ఫోన్లో మర్యాదగానే చెప్పాడు. "ఒకటో తారీఖు సోమవారమండీ. ఆ రోజు మీరు కూర్చోకపోతే ఇంకొకరు కూర్చుంటారు. తప్పుగా అనుకోకండి."

గది బాధ్యత ఎవరైనా తీసుకుంటారా అని పేజీలక్క సభ్యుల ఫోన్ గ్రూపులో అడిగింది. దండాలు వచ్చాయి, పువ్వులు వచ్చాయి. 'మీలా ఎవరు చూడగలరక్కా' అని తొమ్మిదిమంది రాశారు. పదోవాడు ఆ తొమ్మిదిమందికీ చప్పట్లు పంపాడు. బాధ్యత తీసుకుంటానని ఒక్కరూ అనలేదు. అయితే మూసేద్దాం, శనివారం మధ్యాహ్నం మీటింగుకి రండి అని రాసింది.

ఆ శనివారం పంతొమ్మిదిమంది వచ్చారు! గది పెట్టాక అంతమంది ఒకేసారి రావడం అదే మొదలు. కుర్చీలు చాలక కిటికీ గట్టు మీద, మెట్ల మీద కూర్చున్నారు. ఒకామె బిస్కెట్ల డబ్బా తెచ్చింది. రెండేళ్ళుగా కనిపించని ఒకాయన గోడని తడిమి, "ఈ గోడ చూస్తుంటే ఏదోలా ఉంది" అన్నాడు. ఆ గోడకి చెమ్మ దిగినప్పుడు ఆరు నెలలు అందరినీ బతిమాలినది పేజీలక్క. ఆమె అందరికీ టీ పోసింది.

ఒక్కొక్కరే లేచి మాట్లాడారు. ఈ గదే తమని నిలబెట్టిందన్నారు. కళ్ళు తుడుచుకున్నారు, ఫొటోలు దిగారు. ఆ తర్వాత పేజీలక్క అడిగింది. "మూసేయడానికి అందరూ ఒప్పుకున్నట్టేనా?"

చేతులు లేచాయి. పద్దెనిమిది. రాని ఇద్దరూ ఒప్పుకుంటున్నామని ముందే రాసి పంపారు. మిగిలింది కుర్చీ బాబాయి ఒక్కడే. ఆయన తన కుర్చీలో కూర్చుని, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకున్నాడు.

"నేను ఒప్పుకోను."

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి.

"బాబాయ్," అంది పేజీలక్క, గొంతు పెరగకుండా చూసుకుంటూ, "మీరొచ్చి ఎనిమిది నెలలైంది."

"నా కుర్చీ ఇక్కడే ఉందిగా?"

"కుర్చీ ఉంది. మీరు లేరు."

"అది కాదమ్మా." పెద్దాయన కుర్చీ అంచు పట్టుకున్నాడు. "ఇంట్లో మా ఆవిడ ఏదైనా అంటే, నాకూ ఒక చోటుంది, లేచి వెళ్ళగలను అనుకుంటా. అనుకుని, వెళ్ళకుండా కూర్చుంటా. ఇది లేకపోతే ఆ కూర్చోవడం వేరేలా ఉంటుంది."

అబద్ధం కాదు. అదే పేజీలక్కకి ఒళ్ళు మండించింది. మొండికేసిన మనిషితో పోట్లాడొచ్చు, నిజం చెప్పేవాడితో ఏం చేస్తాం? ఆయన లేచి వెళ్ళగలను అనుకుంటూ ఇంట్లో సుఖంగా కూర్చోవడానికి, ఆమె రోజూ ఎనిమిదింటికి వచ్చి తాళం తీయాలి.

"బాబాయి చెప్పిందీ నిజమే," అంది అనువాదాల వదిన. ఆమె చెయ్యి దిగింది. బొమ్మల తమ్ముడి చెయ్యి దిగింది. చూస్తుండగానే అన్ని చేతులూ దిగిపోయాయి.

"ఇంకో ఆరు నెలలు చూద్దామక్కా."

"ఎవరు చూస్తారు?"

"మనమందరం."

"సోమవారం పొద్దున తలుపు ఎవరు తీస్తారు?"

పంతొమ్మిదిమందీ ఆమెనే చూశారు. ఆ చూపులో దురుసు లేదు, మొహమాటం కూడా లేదు. స్విచ్చు నొక్కి లైటు వైపు చూసినట్టు చూశారు.

"మీరున్నారుగా అక్కా," అన్నాడు బొమ్మల తమ్ముడు.

నాలుగున్నరకి అందరూ వెళ్ళిపోయారు. గది బతికిందన్న సంతోషంతో మెట్ల మీద నవ్వుకుంటూ వెళ్ళారు. తొట్టిలో ఇరవై కప్పులు. బిస్కెట్ల డబ్బా మూత ఒక చోట, డబ్బా ఒక చోట. పేజీలక్క చేతులు కొంగుకి తుడుచుకుని కుళాయి తిప్పింది. మళ్ళీ కట్టేసింది. మళ్ళీ తిప్పింది.

"ఏంటి చెల్లెమ్మా, కుళాయి పాడైందా?" గుమ్మంలో మిషన్లన్నయ్య, చేతికి నూనె మరకలతో. "అయిపోయిందా మీటింగు?"

"అయిపోలేదన్నయ్యా, ఆరు నెలలు పెరిగింది. అందరూ ఒప్పుకోవాలట. రాసింది నేనే."

"గది నీకిచ్చా. ఖాళీ చేస్తున్నానని నువ్వు నాతో ఒక్క మాటంటే చాలుగా."

"గోడ మీద రాసి అలా ఎలా అంటాను?"

ఆయన గోడ దగ్గరికెళ్ళి కళ్ళు చికిలించి చదివాడు. దారం ఎక్కించేవాడిలా మెల్లగా, రెండుసార్లు చదివాడు.

"గదికి సంబంధించిన నిర్ణయం అని ఉంది. నీ సంగతేమీ లేదే ఇందులో?"

పేజీలక్క కుళాయి కట్టేసింది.

ప్రింటర్‌లో కాగితం ఇరుక్కుంది. ఎప్పటిలాగే వెనక మూత తీసి, లాగి, మళ్ళీ పెట్టింది. 'నేను సభ్యత్వం మానుకుంటున్నాను. తాళంచెవి కింద షాపులో ఉంటుంది.' రెండు వాక్యాలు. గోడ మీది కాగితం కిందే అతికించింది. అంచులు కుదిరాయో లేదో చూసుకోలేదు. తొట్టిలోంచి తన కప్పు ఒక్కటే వెతికి తీసి, కడిగి, సంచిలో వేసుకుంది. మిగతా పంతొమ్మిదింటినీ అలాగే వదిలి గుమ్మం దాటడానికి ఆమెకి చాలా సేపు పట్టింది.

"వాళ్ళు ఉంచుకుంటే ఉంచండి అన్నయ్యా," అంది తాళంచెవి ఇస్తూ. "ఎవరడిగితే వాళ్ళకివ్వండి."

సోమవారం ప్రెస్సులో కూర్చుంది. ఆరోతరగతి లెక్కల పుస్తకం, మొదటి పేజీ. పదింటికి ఫోను మోగింది.

"అక్కా, తాళం వేసుంది," అన్నాడు బొమ్మల తమ్ముడు.

"కింద షాపులో ఉంది, తీసుకో."

"ఎవరో ఒకరు వస్తారు కదా అని నిలబడ్డా..."

"నువ్వు ఎవరో ఒకరివే తమ్ముడూ," అని పెట్టేసింది.

తాళంచెవి తీసుకున్నది కుర్చీ బాబాయి. తను కాదన్నాడు కాబట్టి తనే తీయాలనిపించిందట. మర్నాడు ఆయనే ఫోను చేశాడు. "అమ్మాయ్, నెట్ పెట్టె ఎర్రగా వెలుగుతోంది, ఏం చెయ్యను?" చెప్పింది. బుధవారం ప్రింటరు. గురువారం కిటికీ. "ఒకావిడ తీయమంటుంది, ఒకాయన ముయ్యమంటాడు. నేను నా రాళ్ళ పుస్తకం తెరిచి నాలుగు రోజులైంది, ఒక్క పేరా రాస్తే ఒట్టు!"

"కప్పులు?"

"పంతొమ్మిదీ కడిగాను. ఇవాళ మళ్ళీ ఆరున్నాయి."

రెండో వారం ఆయన గొంతు మారింది. "నువ్వు చెప్పిందే కరెక్టమ్మా. మూసేద్దామని గ్రూపులో పెట్టాను."

"ఏమన్నారు?"

"ఒప్పుకోవట్లేదు! ఇరవైమందీ ఒప్పుకోవట్లేదు. మీరుండగా మూయడమేంటి బాబాయ్ అంటున్నారు. ఒక్కడూ పొద్దున రాడు. అందరూ పల్లకీ ఎక్కేవాళ్ళే, మోసేవాడెవడు?"

పేజీలక్కకి నవ్వు రాలేదు. ఐదేళ్ళు ఆ పల్లకీ తన భుజం మీదుంది. అప్పుడీ ముక్క అడిగినవాళ్ళు లేరు, ఈయనతో సహా.

"గోడ మీద నా కాగితం ఉంది, చూశారా బాబాయ్?"

"చూశాను. దాని కిందే నాదీ అతికించి వచ్చా, ఇప్పుడే. కుర్చీ మాత్రం బరువెక్కింది. మొదట్లో నెత్తిన పెట్టుకుని మెట్లెక్కింది దీంతోనేనా అనిపించింది. దింపడానికి మీ అన్నయ్య సాయం పట్టాడు."

నెలాఖరుకి మిషన్లన్నయ్య పాత మిషన్లు పైకి చేర్చుకున్నాడు. అంతవరకూ తాళంచెవి అడిగినవాళ్ళు లేరు. గ్రూపులో మాత్రం గదిని ఎలా కాపాడుకోవాలో చర్చ నడుస్తూనే ఉంది, రాసేవాళ్ళు ఎక్కువై.

మూడు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం, లెక్కల పుస్తకం చివరి పేజీలు చూస్తుండగా ఆమెకి అనువాదాల వదిన నుంచి మెసేజీ వచ్చింది. 'అక్కా, శనివారం మన గది ఖాళీయేనా? చిన్న మీటింగు పెట్టుకుందామని. కాస్త నువ్వు తలుపు తీసి పెడతావా?'

పేజీలక్క రెండుసార్లు చదివింది. జవాబు రాయబోయి, కొట్టేసి, మళ్ళీ రాయబోయింది. ఫోను బల్ల సొరుగులో పడేసి సొరుగు గట్టిగా మూసింది. బల్ల కదల్లేదు. నూట నలభై రెండో పేజీలో భిన్నం గీత కాస్త వంకరగా ఉంది. దాన్ని సరిచేయడం మొదలుపెట్టింది.