నీలగిరి నుంచి వచ్చిన మట్టి

పంజాగుట్టలో నేను పనిచేసే మట్టి పరీక్షల ల్యాబ్‌లో మాటలు తక్కువ. మిగతా ఇద్దరూ చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకునే ఉంటారు. సాయంత్రం అమీర్‌పేటలోని నా గదికి చేరితే, పక్క హాస్టల్ పిల్లలు ఇంటర్వ్యూ జవాబులు బట్టీపట్టడం వినిపిస్తుంది. మెట్ల మీద ఎదురైతే పక్కకు జరిగి దారిస్తారు, అంతే.

నీలగిరి కొండల్లోని ఒక తేయాకు తోట నుంచి మాకు మట్టి సంచులు వచ్చేవి. మొదటి రిపోర్టు పంపాక అక్కడి సూపర్‌వైజర్ ఫోన్ చేశాడు. ఇంగ్లీషులో మొదలుపెట్టి, నా మాట తీరు వినగానే ఆగాడు.

"తెలుగోళ్లా మేడం? మాది కరీంనగర్ దిక్కు. ఈడ తెలుగు ఇనక మస్తు రోజులైంది."

"మాది సిరిసిల్ల తమ్మీ."

"గట్లయితే అక్కా అంట" అని నవ్వాడు.

ఆ మట్టి బాగాలేదు. తేయాకుకు కాస్త ఆమ్లగుణం, అంటే పులుపు ఉన్న నేలే కావాలి. కానీ ఏళ్ల తరబడి యూరియా, అమ్మోనియం సల్ఫేటే వేయడంతో పులుపు హద్దు దాటింది. వేళ్ల మధ్య నలిపితే బూడిదలా రాలేది. చిగురు తగ్గుతోందని ఇంకా ఎక్కువ వేస్తున్నారట.

"చెప్తే మేనేజర్ ఇనడక్కా. యూరియా పడంగనే ఆకు పచ్చగైతది. ఆయనకు గదే కనవడ్తది."

"కత్తిరించిన కొమ్మలు ఏం చేస్తరు?"

"పొయ్యిలకు పోతయి."

"తోటల ఒక్క ముక్కల మాత్రం ఆ కొమ్మలు చెట్ల కిందనే పరుచు. పశువుల ఎరువు వెయ్యి, యూరియా సగానికి తగ్గియ్యి. సున్నం సుత జర చల్లు."

వాగు పక్క ముక్కలో అలాగే చేశాడు. మొదటి ఏడు అక్కడ ఆకు తగ్గింది, మేనేజర్‌తో తిట్లు తిన్నాడు. నాకు అన్నం సయించలేదు. తర్వాతి వానలు పోయాక ఒక పొద్దున ఫోన్.

"అక్కా, పార ఏస్తే ఎర్రలు కనవడుతున్నయి!"

మట్టిలోకి వానపాములు తిరిగొచ్చాయని ల్యాబ్‌లో నేను పైకే నవ్వాను. ఇద్దరూ ఇయర్‌ఫోన్లు తీసి చూశారు.

ఆ తర్వాత మట్టితో పని లేకున్నా ఫోన్ చేసేవాడు. అక్కడి మంచు గురించి చెప్పేవాడు, నేను వండిన కూర గురించి చెప్పేదాన్ని.

తోట చేతులు మారింది. కొత్తవాళ్లు తమ మనుషులను తెచ్చుకున్నారు. ఊరికి పోతూ అతను నన్ను చూడటానికి వచ్చాడు. గొంతును బట్టి పొడగరి అనుకున్నాను, కాదు. ల్యాబ్ కింద హోటల్లో చాయ్ తాగాం.

"ఇంట్ల ఎవరెవరుంటరక్కా?"

"ఒక్కదాన్నే."

ఫోన్‌లో ఎన్నడూ అడగని ప్రశ్న అది. అతను మిగిలిన చాయ్ ఒక్క గుక్కలో తాగేశాడు. చివరికి మళ్లీ మట్టి దగ్గరికే వచ్చాం.

"కొత్తోళ్లు మల్ల యూరియానే గుమ్మరిస్తే, గా ముక్క ఏమైతదక్కా?"

"కొన్నేండ్లల్ల మల్ల మొదటికే వస్తది తమ్మీ."

అబద్ధం చెప్పలేకపోయాను. అతను తలూపి, సంచి భుజాన వేసుకుని బస్సెక్కాడు.

ఊళ్లో రైస్ మిల్లులో చేరాడు. కొన్నాళ్లు ఫోన్లు నడిచాయి. అడగడానికి మట్టి లేదు, చెప్పడానికి మంచు లేదు. ఎవరం ముందు మానేశామో తెలియదు.

ఇప్పుడు వేరే తోటల సంచులు వస్తున్నాయి. రిపోర్టు చివర, అనుమానాలుంటే ఫోన్ చేయమని నా నంబర్ రాస్తున్నాను. ఇంతవరకు ఎవరూ చేయలేదు.