కాచని డోలు

మద్దేడ్‌కు అవతలి పల్లెలో దేవేకు కుట్టుమిషనే జీవనాధారం. ఇరవై ఆరేళ్ల ఆ యువతి ఆరు నెలలుగా ఒక పాత సింథసైజర్ మీద, ఫోన్ పాఠాలు చూస్తూ, ధ్వనులను తయారుచేయడం నేర్చుకుంటోంది. ముందు తరంగాన్ని ఎంచుకోవాలి. ఫిల్టర్‌తో దాని పదును తగ్గించాలి. మోగిన ధ్వని ఎంతసేపటికి అణగాలో చివర నిర్ణయించాలి. ఇవన్నీ జాకెట్ కొలతల పుస్తకంలో వరుసగా రాసుకుంది.

మేనమామ లచ్చు పేరుమోసిన డోలు వాయిద్యకారుడు. పక్షవాతంతో కుడిచేయి పడిపోయింది. కూతురు లక్కే పెళ్లి కుదిరాక ఆయనే అడిగాడు.

"బిడ్డా, నా డోలు చప్పుడు నీ పెట్టెల పలుకుతదా?"

"పలుకుతది మామా. నీదో నాదో నువ్వే పోల్చలేవు."

"ఏదీ, ఒకపాలి ఇనిపియ్యి."

"పందిట్లనే ఇందువుగానీ!"

ఇరవై రోజులు జ్ఞాపకమే కొలతగా ఆ ధ్వనిని చెక్కింది.

పెళ్లినాడు మధ్యాహ్నం దేవే మీట నొక్కగానే గుమ్మని మోగి, సాగి సాగి అణిగింది. వలయంగా ఆడేందుకు పట్టుకున్న చేతులు విడిపోయాయి. లచ్చు భార్య పొజ్జే లేచి వచ్చింది.

"ఆపవే! పెండ్లిపందిట్ల సావుడోలు ఏందే?"

"కరెంటు పెట్టెకు పెండ్లేందో సావేందో ఏమెరుక అత్తా!" అని వెనకనుంచి ఎవరో నవ్వారు.

దేవేకు అప్పుడు తన తప్పు తెలిసింది. వాళ్ల ఊళ్లో పెళ్లిడోలును గడ్డిమంటపై కాచి, తోలు బిగిశాకే వాయిస్తారు. చావుకు కాచరు, వదులు తోలు బరువుగా మూలుగుతుంది. పెళ్లిళ్లలో ఆమె ఎప్పుడూ ఆటలోనే ఉండేది. కదలకుండా కూర్చుని డోలు విన్నది ఒక్కసారే, తొమ్మిదో ఏట, తండ్రి పోయిననాడు.

లచ్చు గడ్డి ముట్టించి తన డోలు కాయించాడు. ఎడమచేత్తో ఒక్క దెబ్బ వేశాడు.

"ఇను. ముందుగాల్నే ఇనిపిస్తే ఏంబోయె?"

దేవే ఫిల్టర్ తెరిచి, ధ్వని తోక కత్తిరించి మళ్లీ మీట నొక్కింది.

"ఇంకా సల్లగనే ఉన్నది," అన్నాడు లచ్చు.

వధూవరులతో సహా అందరూ నిలబడి చూస్తుండగా ఐదుసార్లు సరిచేసింది. ఆరోసారి మోగగానే పొజ్జే కూతురి చేయి పట్టుకుని ఆటలోకి నడిచింది.

లక్కే రెండుసార్లు పిలిచింది, "రావే వదినా" అని. లక్కే ముఖంలోకి చూడవలసి వస్తుందని, ఊడని తీగనేదో బిగిస్తున్నట్టు, దేవే బల్లకిందికి వంగింది.