సెంబవాంగ్‌లో పానీల ఆట

అరుంధతిది మార్కాపురం. పెళ్ళయి సింగపూర్ వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. భర్త కృష్ణప్రసాద్ తంజోంగ్ పగార్‌లో ఒక బ్యాంకులో పనిచేస్తాడు. ఆవిడ మాత్రం తాము ఉండే సెంబవాంగ్‌లోనే, ఒక ఫ్లాట్ల బ్లాకు కింద ఉన్న వృద్ధుల కేంద్రంలో ఉద్యోగం చూసుకుంది. పెద్దవాళ్ళ చేత వ్యాయామం చేయించడం, పాటలు పాడించడం, అలిగినవాళ్ళను బుజ్జగించడం ఆవిడ పని. ఆ పనంటే ఆవిడకు ప్రాణం.

అక్కడ ఆవిడకు లొంగని మనిషి ఒక్కడే, పరంధామయ్య. ఆయన తండ్రి విశాఖ తీరం నుంచి బ్రిటిష్ వాళ్ళ నౌకాస్థావరంలో పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఈయనా జీవితమంతా ఓడల మరమ్మతులోనే గడిపాడు. పక్షవాతం వచ్చి, తర్వాత నడక కొంత కుదుటపడింది గాని, కుడిచెయ్యి పిడికిలి బిగుసుకుపోయింది. వ్యాయామానికని రబ్బరు బంతి ఇస్తే ఎడమచేత్తో విసిరేసేవాడు.

"ఈ బంతి మీ పిల్లలకిచ్చుకో అమ్మాయ్. నాకు సుదా, చాలు!" అనేవాడు. మలయ్ మాట కలవకుండా ఆయన తెలుగు నడవదు.

ఆ రోజుల్లోనే పక్క బ్లాకుకు లెనోరా వచ్చింది. అరవై దాటిన మనిషి, జుట్టు వెనక్కి దువ్వి ఒక్క జడ వేసుకునేది. కొడుకు జురాంగ్ ఈస్ట్‌లో ఇంజనీరు. మనవరాలు పుట్టిందని ఏడాదిపాటు ఉండి సాయం చేయడానికి, మన అమ్మమ్మలూ నాయనమ్మలూ వచ్చినట్టే వచ్చింది. పసిపిల్లను బండిలో తోసుకుంటూ వచ్చి కేంద్రంలో కూర్చునేది. అందరూ లెనోరా ఆంటీ అనేవారు.

"మీది ఏ ఊరు ఆంటీ?" అని అడిగింది అరుంధతి ఒకరోజు.

"అమెరికాలో ఓక్లహోమా. మేము పానీలం, అక్కడి ఆదివాసీ తెగ."

అరుంధతి ఆ పేరు ఎన్నడూ వినలేదు. లెనోరా నవ్వి, తమవాళ్ళ ఆట ఒకటి ఉందని, రెండు జట్లుగా కూర్చుని చేతుల్లో ఎముక ముక్క దాచి అది ఎక్కడుందో ఎదుటివాళ్ళ చేత చెప్పిస్తారని, కావాలంటే శుక్రవారం ఇక్కడివాళ్ళకు నేర్పుతానని అంది.

ఆ సంగతి ఇంట్లో చెప్పగానే కృష్ణప్రసాద్‌కు హుషారొచ్చింది. "రెడ్ ఇండియన్సా? అయితే ఈకల కిరీటాలుండాలిగా!" అంటూ మర్నాడు ఆఫీసు నుంచి వస్తూ పార్టీ సామాన్ల షాపులో రంగురంగుల ఈకల పట్టీలు కొనుక్కొచ్చాడు. శుక్రవారం అరుంధతి వాటిని కుర్చీకొకటి పెట్టింది.

లెనోరా వచ్చి చూసింది. ముఖంలో నవ్వు పోయింది. కోప్పడలేదు. ఒక పట్టీ చేతిలోకి తీసుకుని, "అరుంధతీ, మాలో ఈక ఊరికే పెట్టుకోరు. ఏదైనా చేసినవాళ్ళకు గౌరవంగా ఇస్తారు. వీటిని తీసేస్తే ఆడిస్తాను" అంది.

అరుంధతికి చెవులు వేడెక్కాయి. "సారీ ఆంటీ, నాకు తెలీదు. నిజంగా తెలీదు" అంటూ అన్నీ ఏరి సామాన్ల గదిలో పడేసింది. తిరిగి వచ్చేసరికి లెనోరా పక్కన కుర్చీ లాగి ఉంచింది.

"కూర్చో, చెప్తాను. మా పూర్వులు నెబ్రాస్కాలో నదుల పక్కన మట్టితో కట్టిన పెద్ద గుండ్రటి ఇళ్ళలో ఉండేవాళ్ళు. మొక్కజొన్న పండించేవాళ్ళు, నక్షత్రాలు చూసి కాలం చెప్పేవాళ్ళు. తర్వాత భూములు పోయాయి, రోగాలొచ్చాయి. మమ్మల్ని ఓక్లహోమాకు తరలించారు. ఒకప్పుడు వేలల్లో ఉన్నవాళ్ళం, మా ముత్తవ్వ కాలానికి వెయ్యి మంది కూడా మిగల్లేదు. అంత దుఃఖంలో ఈ ఆట మళ్ళీ లేచింది. అప్పట్లో అది ప్రార్థన కూడా. ఆ భాగం ఇక్కడికి తీసుకురాను, అది మా ఊళ్ళోనే ఉంటుంది. కానీ పుట్టినరోజుకీ, సైన్యం నుంచి పిల్లలు ఇంటికొచ్చినప్పుడూ సరదాగా కూడా ఆడతాం. అది మీకు నేర్పచ్చు."

ఎముకకు బదులు చెక్కపూస, లెక్కకు మాంసం గుచ్చి కాల్చే సాతే పుల్లలు. ఒక జట్టు దాస్తుంది, రెండో జట్టు ఏ చేతిలో ఉందో చెప్పాలి. దాచేటప్పుడు పాట ఉండాలి. "మా పాటలు వద్దు, మీవి మీరు పాడండి" అంది లెనోరా. మలయ్ అవ్వలు ఒకటి, చైనీస్ తాతలు ఒకటి అందుకున్నారు. కేంద్రం హోరెత్తింది.

మూలన కూర్చున్న పరంధామయ్య మెడ చాచాడు. "ఓస్, ఇది మా సరి బేసి లాంటిదే కదా! పూస ఇటు తే అమ్మాయ్."

అందరూ బిగుసుకున్న కుడి పిడికిలి చూసి, పూస అందులోనే ఉందని వేలు చూపించారు. ఆయన ఎడమచెయ్యి తెరిచి పకపకా నవ్వాడు. ఆయన నవ్వగా అరుంధతి వినడం అదే మొదలు.

నాలుగైదు వారాలకు ఆ ఎత్తు అందరికీ తెలిసిపోయింది. ఇక గెలవాలంటే పూస కుడిచేతిలో పెట్టాలి. పెట్టాలంటే వేళ్ళు తెరుచుకోవాలి. అప్పుడు ఆయనే వచ్చి బంతి అడిగాడు.

"ఎందుకంకుల్, పిల్లలకివ్వమన్నారుగా?"

"నీకెందుకమ్మాయ్, ఇయ్యి!"

పొద్దున్నే వచ్చి బంతి నొక్కేవాడు. ఎడమచేత్తో ఒక్కొక్క వేలూ లాగేవాడు. తిట్టుకునేవాడు, మళ్ళీ లాగేవాడు.

ఒక శుక్రవారం ఆయన వంతు వచ్చింది. వెనక్కి తిరిగి చాలాసేపు ఏదో చేసి, ముందుకు తిరిగి రెండు పిడికిళ్ళూ చాపాడు. చిన్నప్పుడు రేవులో తండ్రి పాడిన కలాసీల పాట, హైలెస్సా అంటూ ఎత్తుకున్నాడు. తెలుగు ముక్క రానివాళ్ళు కూడా హైలెస్సా అని వంత పాడారు. ఎదుటి జట్టు ఆయన ఎడమచేతి వైపు వేలు చూపించింది. ఆయన ఎడమ పిడికిలి విప్పాడు. ఖాళీ.

"కుడిది తెరవండి అంకుల్," అంది అరుంధతి.

చూపుడువేలు కదిలింది. మధ్యవేలు వణుకుతూ లేచింది. ఎవరూ సాయానికి పోలేదు. లెనోరా చేయెత్తి ఆపింది. పిడికిలి సగం విచ్చుకునేసరికి పూస జారి నేలమీద పడి దొర్లింది. కేంద్రమంతా చప్పట్లు.

ఆట అయ్యాక అందరూ కలిసి తినాలని లెనోరా పట్టుబట్టింది, తమ ఊళ్ళో అదే పద్ధతట. తను మొక్కజొన్న సూపు తెచ్చింది, అరుంధతి పులిహోర తెచ్చింది. పరంధామయ్య "మకాన్, మకాన్! తిందాం రండి!" అంటూ అందరినీ పిలిచి కూర్చోబెట్టాడు.

ఏడాది తిరగ్గానే లెనోరా వెళ్ళిపోయింది. శుక్రవారం ఆట మాత్రం ఆగలేదు. కొత్తగా వచ్చినవాళ్ళను అరుంధతి ముందు కూర్చోబెట్టి ఇది ఎవరి ఆటో, వాళ్ళు ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్ళవలసి వచ్చిందో చెప్తుంది. తెలియనిది ఫోన్‌లో లెనోరాను అడిగి తెలుసుకుంటుంది. మొన్న ఆవిడే ఫోన్ చేసి, పెద్ద మనవడు సైన్యం నుంచి ఇంటికొస్తున్నాడని, ఊళ్ళో ఆట పెడుతున్నామని, వచ్చి మా జట్టులో కూర్చోమని అడిగింది.

అరుంధతి ఫోన్ పెట్టేసి, బ్యాంకులో సెలవు ఎన్నాళ్ళు దొరుకుతుందో కనుక్కోమని కృష్ణప్రసాద్‌తో చెప్పింది.