పరీక్షల ముందు కాల్క్యులేటర్

హోసూరులో మా మేడమీది గదిని ఇంజనీరింగ్ చదివే ఉద్దనపల్లి పిల్లవాడికి అద్దెకిచ్చాం. నేను పెద్దగా బడికి వెళ్లలేదు, లెక్కలు సొంతంగా నేర్చుకున్నాను. నేను నోటిలెక్కతో, అతడు కాల్క్యులేటర్‌తో పోటీ పడేవాళ్లం. ఓడినప్పుడల్లా, "తలకాయలో బ్యాటరీ యాడ పెట్టినావన్నా?" అని నవ్వేవాడు.

పరీక్షలు దగ్గరపడిన ఒక ఉదయం ఆ కాల్క్యులేటర్ తెచ్చి నా చేతిలో పెట్టాడు. "నువ్వే పెట్టుకోన్నా. నాకింక దీంతో పని లేదు" అని పైకి వెళ్లిపోయాడు. చివరికి ఓటమి ఒప్పుకున్నాడని మురిసిపోయాను. తర్వాత లెక్క కుదరలేదు. పరీక్షల ముందు దాన్ని ఎవరిచ్చేస్తారు? ఈమధ్య అతడు భోజనానికి కూడా సరిగ్గా దిగిరావడం లేదు.

మెట్లెక్కి తలుపు తట్టాను. చాలాసేపటికి తీశాడు. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తానేమోనని భయం. అడక్కుండా దిగిపోవాలంటే అంతకంటే భయం.

"సచ్చిపోదామని ఉందేమప్పా?"

తల దించుకున్నాడు. "ఉందన్నా. పోయినసారి అన్నీ ఫెయిలయినాను. మా నాయనకు మొగమెట్ల చూపించేది?"

"నాయనతో నేను మాట్లాడతాను. ముందు ఆస్పత్రికి పోదాం రాప్పా, నేనూ వస్తాను."

అతణ్ని వదిలి ఫోన్ బూత్‌కు వెళ్లే ధైర్యం చాలక, నా భార్య చేత వాళ్ల నాన్నకు ఫోన్ చేయించాను. ఆస్పత్రిలో డాక్టర్ పిలిచినప్పుడు అతడు నా చొక్కా పట్టుకున్నాడు.

"నువ్వూ లోపలికి రాన్నా."

అతడి వెంటే వెళ్లాను.